గుసగుసను పాటగా పెంచే పెట్టె

(పాఠశాల ప్లాటినం ఉత్సవాలలో విజ్ఞాన ప్రదర్శన సందర్భముగా చేసిన ప్రసంగపాఠము)



పాఠశాల విజ్ఞాన ప్రదర్శన అనగానే అగ్నిపర్వతం, వర్షపునీటి సేకరణ, సౌరశక్తి పొయ్యి అనే మూడూ తప్పక కనిపిస్తాయి. వాటిని తక్కువ చేయుట ఉద్దేశం కాదు. కాని ఈనాటి ప్రసంగానికి తీసుకున్న విషయం వాటి వరుసలోనిది కాదు. అది కొంత పాతది, కొంత ప్రమాదకరమైనది, సహనం లేనివారికి బొత్తిగా పనికిరానిది. పాత గ్రామఫోను రికార్డులను వినుటకు ఇంటిలోనే, స్వహస్తాలతో, గాజు వాల్వులతో నిర్మించుకొనే ప్రీయాంప్లిఫయరు ఆ విషయం.

ఆంప్లిఫయరుకు మన పాఠ్యపుస్తకాలు వర్ధకం అని పేరు పెట్టినవి. దానికి ముందు నిలిచేది కనుక ఇది పూర్వవర్ధకం. లౌడ్‌స్పీకరును కదిలించగల బలం దీనికి లేదు. రికార్డు గాడిలో నడిచే సూది పుట్టించే అతి స్వల్పమైన విద్యుత్తును, పెద్ద ఆంప్లిఫయరు అందుకోగలిగినంత స్థాయికి పెంచి ఇచ్చుటే దీని పని. ఆ స్వల్పమనేది ఎంత? మామూలు అయస్కాంతపు కార్ట్రిడ్జి ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులు కదా, అందులో మూడువందలవ వంతు. అంతటి గుసగుసను పట్టి పెంచవలెను, పెంచేటప్పుడు తన సొంత చప్పుడు అందులో కలపకూడదు. పెంచుట సులభమే. కలపకుండుటే కష్టం. ఈ ప్రసంగంలో అధికభాగం ఆ రెండవదాని గురించే.

విషయం సుబోధకం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హోసూరులో ఒక ఇల్లు. తండ్రి కర్మాగారంలో ఫిట్టరు. కూతురు ప్లస్ వన్ చదువుతూ, సాయంకాలం సంగీతం నేర్చుకుంటున్నది. అటక మీద ఒక ట్రంకుపెట్టె నిండా తాతగారి లాంగ్‌ప్లే రికార్డులు, పక్కనే ఆయన కొన్న వాల్వు రేడియో ఉన్నవి. ఆ రేడియోను చూస్తే ఒక చిత్రమైన విషయం స్ఫురిస్తుంది. అది సేలం జిల్లాలో కొన్నది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడగా ఆ జిల్లాలో పాడినది, ఆ జిల్లాలోనే మూగబోయినది. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో దుమ్ము పట్టి ఉన్నది. ఇంతలో అది ఇల్లు మారలేదు, ఊరు మారలేదు.

ఆ ఇంటిలో అవ్వ ఒకరు ఉన్నారు. ఘంటసాల గారి గొంతులో భగవద్గీతను రికార్డు మీదనే వినవలెనని ఆమె కోరిక. ఘంటసాల గారు 1974లో దివంగతులైన తరువాత ఆ రికార్డు మన ఇండ్లలోకి వచ్చినదన్న సంగతి ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఫోనులో అదే గీత దొరుకుతుందని మనుమరాలు చెప్పినది, వినిపించినది కూడా. అవ్వకు అది తృప్తి కలిగించలేదు. కారణం ఆమె చెప్పలేదు, ఎవరూ అడుగలేదు.

పాత రేడియోలోని వాల్వులను ఊడదీసి వాడుకోవచ్చునా అన్నది తండ్రికి మొదట కలిగిన సందేహం. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ కాలపు రేడియోలలో ట్రాన్స్‌ఫార్మరు లేని రకం చాలా ఉండేది. ఏ.సి., డి.సి. రెండింటి మీద పనిచేసే ఆ సెట్లలో లోపలి ఇనుపచట్రమే నేరుగా కరెంటు లైనుకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఆ చట్రంలో 230 వోల్టులు నిలిచి ఉంటాయి. ప్లాస్టిక్ మీటలు, చెక్కపెట్టె మాత్రమే మనిషిని కాపాడుతూ వచ్చినవి. అటువంటి సెట్టును విప్పి, చట్రానికి రికార్డు ప్లేయరు తీగను తగిలించినవాడు తన ఇంటివారందరినీ అపాయంలోకి నెట్టినట్లే. కనుక పాత రేడియోను పాత రేడియోగానే ఉంచి, ప్రీయాంప్లిఫయరును కొత్తగా కట్టుటే ఉచితం.

వాల్వు అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు చెప్పవలసి ఉన్నది. నేటి భౌతికశాస్త్ర పాఠాలలో అర్ధవాహకాలదే రాజ్యం. గాజు నాళికలోని గాలినంతటినీ తీసివేసి, లోపల ఒక తీగను వేడిచేస్తే దాని దగ్గరి కాథోడు నుండి ఎలక్ట్రాన్లు వెలువడుతాయి. ఎదురుగా ధనావేశంతో ఉన్న ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. దీపాలలో ఈ వింతను 1880వ దశకంలోనే ఎడిసన్ గమనించాడు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ దానిని డయోడుగా మలిచాడు. కొద్దికాలానికే, 1906-07 ప్రాంతంలో, అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి నడుమ గ్రిడ్ అనే సన్నని తీగజాలిని చేర్చాడు. మన ఇండ్లలో కాలువకు అడ్డుగా పెట్టే పలక వంటిది ఈ గ్రిడ్. పలకను వేలెడు కదిపితే మడి నిండా నీరు పారుతుంది, ఆగుతుంది. గ్రిడ్ మీద వోల్టేజి రవంత మారితే ప్లేటు వైపు పోయే ప్రవాహం బాగా మారుతుంది. వాల్వు అన్న మాటకు కవాటమని మన పుస్తకాలు చెప్పిన అర్థం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

మన కుటుంబం ఎంచుకున్న వాల్వు పేరు 12ఏఎక్స్7. ఐరోపావారు దీనినే ఇ.సి.సి.83 అంటారు. అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థ దీనిని విడుదల చేసినది 1947లో. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఆ సంవత్సరం డిసెంబరులోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. అనగా వాల్వుల వంశానికి అంత్యకాలం సమీపించిన ఏడాదిలోనే ఈ చిన్న వాల్వు జన్మించి, తన తోటివారంతా పోయినా గిటారు ఆంప్లిఫయర్ల పుణ్యమా అని నేటికీ బ్రతికి ఉన్నది. రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో ఇప్పటికీ తయారవుతున్నది. బొటనవ్రేలంత గాజుబుడ్డి. అందులో రెండు ట్రయోడులు. అడుగున తొమ్మిది కాళ్లు.

ఇది విదేశీ విద్య అని తలచుట పొరపాటు. మనకు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ సంస్థ 1954లో ఏర్పడినది. 1961లో ఆ సంస్థ రేడియో వాల్వుల ఉత్పత్తి ప్రారంభించినది. తాతల కాలపు రేడియో వెనుక అట్ట తీసి చూస్తే గాజు మీద బి.ఇ.ఎల్. అనే ముద్ర కనిపించుట అరుదు కాదు. తెలుగువారి విషయానికి వస్తే, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారిని తలచుకొనక తప్పదు. 1956లో ట్రాంబేలో ప్రారంభమైన అప్సర అణురియాక్టరుకు కావలసిన ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలను స్వదేశంలోనే నిర్మించిన బృందానికి ఆయన నాయకుడు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ప్రాణం పోసినవారూ ఆయనే. ఆ తరంవారు చదివి ఊరుకొనలేదు. సోల్డరింగు ఐరన్ చేతపట్టి కూర్చున్నారు.

ఇక నిర్మాణం. దీనికి కావలసిన సామగ్రిలో సగం ఈ జిల్లాలోనే దొరుకుతుంది. అల్యూమినియం రేకును కోసి, వంచి, వాల్వు సాకెట్టుకు సుమారు 22 మిల్లీమీటర్ల రంధ్రాలు తొలిచి ఇచ్చే చిన్న వర్కుషాపులకు హోసూరులో కొదవలేదు. ఆ పనిలో మన ఫిట్టరుగారికి ఒకరి సాయం అక్కరలేదు. బోరుబావి మోటార్లకు వైండింగు చేసేవారు ప్రతి పల్లెకూడలిలో ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టించుకొనవచ్చును కదా అనిపిస్తుంది. చుట్టగలరు, నిజమే. కాని ప్రైమరీకి, సెకండరీకి నడుమ వేసే ఇన్సులేషనులో ఒక్క పొర తగ్గినా ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని ట్రాన్స్‌ఫార్మర్లే వృత్తిగా చుట్టేవారికి అప్పగించుట మంచిది. మిగిలిన చిల్లర సామాను కొరకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకో, మద్రాసు రిచీ వీధికో ప్రయాణం తప్పదు. రికార్డు ప్లేయరు కింద అదురు రాకుండా వేసే బరువైన పలక మాత్రం కొననక్కరలేదు. కృష్ణగిరి గ్రానైటు నరికిన చోట పారవేసిన తునక ఒకటి చాలు.

పాత వాల్వు కొనేవారు గమనింపవలసిన గుర్తు ఒకటి ఉన్నది. గాజు తలమీద లోపలివైపు వెండిపూత వంటి మెరుపు కనిపిస్తుంది. మిగిలిపోయిన వాయువును పీల్చుకొనుటకు వేసిన లోహపు పూత అది. మెరుపు ఉన్నంతవరకు శూన్యం ఉన్నట్లు. ఆ పూత పాలవలె తెల్లబడితే గాలి చొరబడినదన్నమాట. అటువంటి వాల్వును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకొనరాదు.

లెక్క వేయుట కూతురు వంతు. ట్రాన్స్‌ఫార్మరు 250 వోల్టుల ఏ.సి. ఇస్తుంది. డయోడులతో ఏకదిశ చేసి కెపాసిటరులో నింపితే 250ని 1.414తో హెచ్చించగా వచ్చే సుమారు 350 వోల్టుల డి.సి. అవుతుంది. రెండు అంచెల నిరోధాలు, కెపాసిటర్ల గుండా వడగట్టగా వాల్వు దగ్గరకు చేరేది సుమారు 280. ప్లేటుకు లక్ష ఓముల నిరోధం, కాథోడుకు 1500 ఓములు. ఒక మిల్లీఆంపియరు ప్రవహిస్తే ప్లేటు నిరోధంలో వంద వోల్టులు పోయి ప్లేటు మీద 180 మిగులుతుంది. కాథోడు మీద 1.5 వోల్టులు నిలుస్తుంది. గ్రిడ్ సున్నా వద్ద ఉన్నది కనుక కాథోడుతో పోల్చితే అది ఋణ 1.5 వోల్టుల వద్ద ఉన్నట్లు. ఇంతే. ఓమ్ నియమానికి మించినది ఇందులో ఏమీ లేదు. నల్లబల్ల మీద వందసార్లు వ్రాసిన నియమాన్ని తన చేతిలోని మీటరు ముల్లు 1.5 దగ్గర ఆగి నిజమని చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖంలో కలిగే వెలుగు ఏ పరీక్షలోని మార్కుకూ రాదు.

ఈ అమరికలో ఒక ట్రయోడు సుమారు 60 రెట్లు పెంచుతుంది. రెండు వరుసగా పెడితే 3600 రెట్లు. అంత మనకు అక్కరలేదు కదా అనవచ్చును. అక్కర ఉన్నది. దాని కారణం రికార్డులోనే ఉన్నది. రికార్డు కోసేటప్పుడు మంద్రస్వరాలను యథాతథంగా కోస్తే గాడి విశాలమై పక్కగాడిలోకి చొచ్చుకుపోతుంది. అందువల్ల మంద్రాన్ని తగ్గించి, సన్నని స్వరాలను హెచ్చించి కోస్తారు. వినేటప్పుడు ఆ హెచ్చుతగ్గులను సరిగ్గా తలక్రిందులు చేయవలెను. ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతి పాటిస్తున్న గందరగోళం 1954 ప్రాంతంలో ఆర్.ఐ.ఏ.ఏ. ప్రమాణం వచ్చిన తరువాత సద్దుమణిగినది. 3180, 318, 75 మైక్రోసెకండ్లనే మూడు సంఖ్యలలో ఆ ప్రమాణమంతా ఇమిడి ఉన్నది. నడిమి స్వరంతో పోల్చితే 20 హెర్ట్జుల అతిమంద్రాన్ని దాదాపు పదిరెట్లు పెంచి, 20 వేల హెర్ట్జుల అతితారాన్ని దాదాపు పదోవంతుకు తగ్గించవలెను. ఆ సవరణకే పదోవంతు పోతుంది. మరికొంత నిరోధాలలో పోతుంది. చివరకు వంద రెట్లు నిలిస్తే 5 మిల్లీవోల్టులు అర వోల్టు అవుతుంది. అది చాలు. సవరణకు వాడే నిరోధాలను, కెపాసిటర్లను ఒకటి రెండు శాతం తేడాకు మించనివిగా ఏరుకొనవలెను. ఇక్కడ చేసిన పొదుపు తరువాత ప్రతి పాటలోనూ వినిపిస్తుంది.

నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డులకు ఈ ప్రమాణం వర్తించదు. అలాగే ఆనాటి చౌకరకపు చేతిపెట్టె ప్లేయర్లలో అధికంగా ఉండే క్రిస్టల్, సెరామిక్ కార్ట్రిడ్జిలకు ఈ పెట్టె అవసరమే లేదు. వాటి పలుకు సహజంగానే గట్టిది. ఏది ఉన్నదో చూసుకొనకుండా పనిలో దిగినవారు ఉన్నారు.

ఇప్పుడు తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన భాగం. ఈ పెట్టెలో 350 వోల్టులు ఉన్నవి. డి.సి. ఆ వోల్టేజి వద్ద మనిషిని చంపగలదు. ఇంటిలో లీకేజి బ్రేకరు ఉన్నది కదా అని ధైర్యపడరాదు. ట్రాన్స్‌ఫార్మరుకు అవతలివైపు జరిగే ప్రమాదం ఆ బ్రేకరుకు తెలియదు, అది పడిపోదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాత కూడా కెపాసిటర్లు ఆ విద్యుత్తును దాచుకొని ఉంటాయి. చూచుటకు నిర్జీవంగా ఉన్న పెట్టె ముట్టుకున్న చేతిని కాటు వేస్తుంది. దీనికి విరుగుడు చిన్నదే. ప్రతి 47 మైక్రోఫారడ్ కెపాసిటరుకు అడ్డంగా 220 కిలో ఓముల నిరోధాన్ని శాశ్వతంగా కలిపి ఉంచవలెను. రెండు సంఖ్యలను హెచ్చిస్తే సుమారు పది సెకండ్లు వస్తుంది. అటువంటి కాలాలు ఐదు గడిస్తే, అనగా యాభై సెకండ్లకు, 350 వోల్టులు రెండు మూడు వోల్టులకు దిగిపోతాయి. అందుచేత ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగవలెను. ఆ తరువాత కూడా మీటరు పెట్టి చూడనిదే తాకరాదు. ఆ నిరోధమే తెగిపోయి ఉండవచ్చును కదా! కొలిచేటప్పుడు ఒక చేయి వెనుకకు పెట్టుకొని రెండవ చేతితోనే పనిచేయుట పాతకాలపు రేడియో మెకానిక్కుల ఆచారం. కరెంటు ఒక చేతినుండి రెండవ చేతికి పోయేటప్పుడు దారిలో గుండె ఉన్నదని వారికి తెలుసు.

లోహపు పెట్టెను మూడుకాళ్ల ప్లగ్గులోని ఎర్తుకు తప్పక బిగించవలెను. గోడలోని ఆ మూడవ రంధ్రం వెనుక నిజంగా ఎర్తు తీగ ఉన్నదా అన్నది ముందు పరీక్షించుకొనవలెను. చాలా ఇండ్లలో రంధ్రం ఉంటుంది, తీగ ఉండదు. పెద్దవారు పక్కన లేనిదే పిల్లలు కరెంటు వేయరాదు. ఈ ఒక్క నియమం పాటించలేని ఇంటిలో ఈ పని మొదలుపెట్టకపోవుటే మేలు. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టరు పరికరాలు ఎన్నో ఉన్నవి, వాటితో సంతోషించవచ్చును.

మొదటిసారి కరెంటు వేసే రోజు ఆ ఇంటిలో చిన్న పండుగ. ఫిట్టరుగారు లైనులో ఒక అరవై వాట్ల బల్బును సీరీసుగా పెట్టారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, పెట్టె కాలదు. బల్బు ఒక క్షణం వెలిగి మసకబారినది. వాల్వుల అడుగున నారింజరంగు రవ్వ మెల్లగా కనిపించినది. అర నిమిషం నిశ్శబ్దం. తరువాత శబ్దం వచ్చినది. అది ఘంటసాల గారి గొంతు కాదు. గుర్రుమనే మోత.

అవ్వ అన్నది: “ఏరా, పాట వింటా ఉండామా, మిషను వింటా ఉండామా?”

ఈ అభిరుచి గలవారందరూ ఏదో ఒకనాడు ఎదుర్కొనే ప్రశ్న ఇదే. కొందరు ఇక్కడే విరమిస్తారు. కొందరు “వాల్వు అంటే కొంత మోత సహజమే” అని తమకు తాము సర్దిచెప్పుకుంటారు. అది నిజం కాదు. మోతకు ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం దొరుకుతుంది.

వెదకుటకు సంగీతం నేర్చిన చెవి పనికివచ్చినది. కరెంటు సెకండుకు 50 సార్లు ఊగుతుంది. డయోడులు దానిని ఏకదిశ చేసినప్పుడు మిగిలే అల 100. వంద అనేది యాభైకి సరిగ్గా ఒక స్థాయి పైన, అనగా మంద్ర షడ్జానికి మధ్య షడ్జం వంటిది. వినిపించే మోత పై షడ్జమైతే వడపోత చాలలేదన్నమాట. కింది షడ్జమైతే తీగల అమరికలోనో, హీటరులోనో, ఎర్తులోనో దోషం. కూతురు శ్రుతి కలిపి చూసి, “కిందిదే, నాయనా” అన్నది. ఈ యాభై హెర్ట్జుల మోతకు మరొక బలం కూడా ఉన్నది. మంద్రాన్ని పెంచే ఆ సవరణ దీనినీ పాటగానే భావించి నడిమి స్వరాల కంటే ఏడు రెట్లు అధికంగా పెంచుతుంది. పెట్టె తప్పు చేయుటలేదు. చెప్పిన పనే చేస్తున్నది.

మొదట హీటరు తీగలు. ఒక్కొక్క వాల్వుకు 12.6 వోల్టుల వద్ద 150 మిల్లీఆంపియర్లు కావలెను. రెండు తీగలను జడవలె గట్టిగా పురిపెట్టి, చట్రం మూలల వెంట, గ్రిడ్ తీగకు దూరంగా నడపవలెను. పురిపెట్టగా మోత తగ్గినది, పోలేదు. హీటర్లకు ఏ.సి. మాని రెగ్యులేటరుతో 12 వోల్టుల డి.సి. ఇచ్చారు. మరికొంత తగ్గినది. ట్రాన్స్‌ఫార్మరు బోల్టులు వదులు చేసి దానిని ఇటూ అటూ త్రిప్పగా ఒకచోట మోత స్పష్టంగా సన్నగిల్లినది, అక్కడే బిగించారు. అయినా ఇంకా కొంత మిగిలినది.

అసలు దోషం ఎర్తులో ఉన్నది. ఫిట్టరుగారు తన వృత్తిధర్మం ప్రకారం ప్రతి ఎర్తు తీగను దగ్గరలోని బోల్టుకు బిగించారు. యంత్రానికి అది మంచి పద్ధతే. 5 మిల్లీవోల్టుల వద్ద అది పనికిరాదు. చట్రంలో రెండుచోట్ల నడుమ అతిస్వల్పమైన వోల్టేజి తేడా ఉన్నా అది సంకేతంతో కలిసిపోతుంది. అన్ని ఎర్తు తీగలనూ విడదీసి, నక్షత్రకిరణాల వలె ఒకే బిందువుకు తెచ్చి, ఆ బిందువును ఇన్‌పుట్ సాకెట్టు దగ్గర ఒక్కచోట మాత్రమే చట్రానికి కలపవలెను. ఈ సంగతి తెలియుటకు ఒక ఆదివారం పట్టినది. తీగలన్నీ మళ్లీ వేయుటకు మరొక ఆదివారం. అర్ధవార్షిక పరీక్షల ముందు ఈ పనేమిటని తల్లి కోపగించినది, ఆ కోపం న్యాయమైనదే. రెండు వారాలు పెట్టె మీద గుడ్డ కప్పి ఉంచారు.

ఈ విరామంలో ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకొనవచ్చును. కొద్ది రూపాయల ఐ.సి. ఒకటి ఇదే పనిని ఇంతకంటే తక్కువ వక్రతతో, ఏ ప్రమాదమూ లేకుండా చేస్తుంది. మరి ఇదెందుకు? వాల్వు నాదం దైవదత్తమని, ట్రాన్సిస్టరు నాదం నిర్జీవమని కొందరు వాదిస్తారు. కొలతలు ఆ వాదాన్ని బలపరచవు. ట్రయోడు తనవంతుగా చేర్చే వక్రతలో రెండవ అనుస్వరం అధికం. షడ్జం పాడితే పై షడ్జాన్ని లేశమాత్రం కలుపుతుంది. అది చెవికి విరోధం కాదు, అంతవరకు ఒప్పుకొనవచ్చును. అసలు కారణం వేరు. ఐ.సి. లోపల ఏమి జరుగుతున్నదో పిల్ల చూడలేదు, మీటరు పెట్టలేదు. ఇక్కడ ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, ప్రతి బిందువు దగ్గర కొలవవచ్చును, తప్పు ఎక్కడున్నదో తర్కించి పట్టవచ్చును.

మాటల సంగతి కూడా ఉన్నది. మన పిల్ల పుస్తకంలో “నిరోధం” అని చదువుతుంది. దుకాణంలో “రెసిస్టెన్సు” అనకపోతే వస్తువు రాదు. ఎస్.పి. రోడ్డులో దుకాణదారు కన్నడంలోనో, హిందీలోనో, తమిళంలోనో ధర చెబుతాడు. తెలుగు మాధ్యమంలో చదివితే ఈ బజారులో నెగ్గలేరని భయపడే తల్లిదండ్రులు ఈ సభలోనే ఉన్నారు. ఈ సరిహద్దు ప్రాంతపు పిల్లలు నాలుగు భాషలలో బేరమాడుతారు, అది వారికి పుట్టుకతో వచ్చిన విద్య. లక్ష ఓములను ఒక మిల్లీఆంపియరుతో హెచ్చిస్తే వంద వోల్టులని తనలో తాను అనుకొనేటప్పుడు మాత్రం ఆ పిల్ల తెలుగులోనే అనుకుంటున్నది. తప్పు పట్టుకున్నదీ ఆ భాషలోనే.

పరీక్షలు ముగిసినవి. ఎర్తు తీగలన్నీ ఒక్క బిందువుకు చేరినవి. ప్లేయరు ఆపి, వాల్యూము పూర్తిగా త్రిప్పి చెవి స్పీకరుకు ఆనించితే సన్నని ఇసుకజల్లు వంటి సవ్వడి మాత్రం వినిపించినది. గుర్రు లేదు. వాల్వులలో ఒకదానిని పెన్సిలుతో మీటితే స్పీకరులో గంట మ్రోగినట్లు ఖంగుమన్నది. లోపలి భాగాలు వదులైన వాల్వు అది. రెండవ దుకాణం నుండి తెచ్చిన వేరొక వాల్వును ఆ చోట పెట్టారు. కాథోడు మీద 1.4 వోల్టులు, 1.5 వోల్టులు. ప్లేట్ల మీద 184, 179. లెక్కకు సరిపోయినవి.

అవ్వ రికార్డు ఒకవైపు పూర్తిగా విన్నది. ఏమీ అనలేదు. రెండవవైపు త్రిప్పమన్నది.

మూత బిగించేముందు చివరి పని ఒకటి మిగిలినది. పాత రేడియో వెనుక అట్టమీద లోపల ఏ వాల్వు ఎక్కడ ఉన్నదో అచ్చువేసిన బొమ్మ ఉండేది. కూతురు దానిని చూసి, తమ పెట్టెకు కూడా అటువంటి బొమ్మ ఒకటి తెలుగులో గీచి, ప్రతి బిందువు దగ్గర కొలిచిన వోల్టులను, తేదీని వ్రాసి, మూత లోపలివైపు అతికించినది. అన్నిటికంటే పైన ఎర్రసిరాతో పెద్ద అక్షరాలలో ఇలా ఉన్నది: “విప్పేవారికి — ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగండి. మీటరు పెట్టి చూడండి. తరువాతే తాకండి.”